ఇస్లాహ్ చేయండి సాహెబ్, సఫాయా చేయకండి

పాత కిట్ ఒకటి తెచ్చుకోవడం, అందులో సగం ముక్కల్ని చెత్తబుట్టలో వేయడం, వాటి జాగాలో ఇంకెవరో రెజిన్‌తో పోతపోసిన ముక్కలు కొని అతికించడం, పైన ఇంకో కంపెనీ డెకాల్స్ వేయడం, ఆఖరికి "పాత కిట్‌కు ఇస్లాహ్ చేశాను" అని ఛాతీ విరుచుకోవడం. ప్లాస్టిక్ మోడల్స్ కట్టే మన షౌకీన్ సాహెబ్‌లలో ఈ రివాజు బాగా ముదిరింది. దీని మీద నాకు తకరార్ ఉంది. అది ఇస్లాహ్ కాదు, సఫాయా.

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు ఇస్లాహ్ ఊరికే వాడే లఫ్జ్ కాదు. షాగిర్ద్ గజల్ రాసి ఉస్తాద్ ముందు పెడతాడు. ఉస్తాద్ ఒక మాట మారుస్తాడు, ఒక మిస్రాలో వజన్ తప్పితే సరిచేస్తాడు, మిగతాది ముట్టుకోడు. దాగ్ దెహ్లవీ మన హైదరాబాద్‌లో ఆరో నిజాం దర్బారులో ఉన్న రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో ఆయనకు టపాలో గజళ్లు వచ్చేవి. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఇక్బాల్ కూడా అలాగే పంపాడు. ఉస్తాద్ షాగిర్ద్ రాసిందంతా కొట్టేసి తన గజల్ రాసి తిప్పి పంపితే అది ఎవరి గజల్ అవుతుంది? తఖల్లుస్ ఒకరిది, కలాం ఇంకొకరిది. మన సాహెబ్‌లు కట్టే 'బాగుచేసిన' మోడల్స్ అచ్చంగా ఇలాంటివే. డబ్బా మీది పేరు పాతది, లోపలున్నదంతా కొత్తది.

ఇక్కడ మొకద్దమా ఏఎంటీ వారి ఎంటర్‌ప్రైజ్ కిట్ గురించి. స్టార్ ట్రెక్ సీరియల్ 1966 సెప్టెంబర్‌లో అమెరికా టీవీలో మొదలైంది. అదే ఏడాది ఈ కిట్ దుకాణాల్లోకి వచ్చింది. ఏఎంటీ అసలు కార్ల మోడల్స్ కంపెనీ. అంతరిక్ష నౌక వాళ్లకు కొత్త. అయినా 18 అంగుళాల పొడవున ఓడను పోతపోశారు: ముందు పెద్ద సాసర్, దాని కింద మెడ, ఆ కింద పొడుగాటి పీపాలాంటి ఒళ్లు, వెనక పైకి లేచిన రెండు కాళ్లు, వాటి మీద రెండు ఇంజన్ గొట్టాలు. మొదటి విడతల్లో బల్బులు కూడా ఇచ్చారు. ఆ తర్వాత అచ్చులు మారాయి, కంపెనీ చేతులు మారింది, బల్బులు పోయాయి, డబ్బా మీద బొమ్మలు మారాయి. కిట్ మాత్రం ఇవాళ్టికీ రౌండ్ 2 అనే కంపెనీ ద్వారా అదే ఏఎంటీ పేరుతో దొరుకుతోంది. మన తరంలో చాలామంది ఈ ఓడను మొదట చూసింది దూరదర్శన్‌లో కాబట్టి ఈ షౌక్ హైదరాబాద్ దాకా రావడంలో తాజ్జుబ్ ఏమీ లేదు.

కిట్‌లో ఐబులు లేవా? బోలెడు. ఇంజన్ గొట్టాలను మోసే కాళ్లు సన్నం, వాటి గుంటలు లోతు తక్కువ. ఎంత జిగురు పోసినా కొన్నాళ్లకు గొట్టాలు రెండూ వానలో తడిసిన కాకి రెక్కల్లా కిందికి జారతాయి. రెండు సగాలు కలిసేచోట అతుకు కనిపిస్తుంది. సాసర్ నిండా గీతలు ప్లాస్టిక్‌లోనే దిగిపోయి ఉంటాయి. ఈ గీతల దగ్గరే జంగ్ మొదలవుతుంది. షూటింగ్‌లో వాడిన పెద్ద మోడల్ మీద సాసర్ పైన ఉన్నవి పెన్సిల్‌తో గీసిన సన్నని గీతలు, టీవీలో కనిపించనే కనిపించవు, కాబట్టి కిట్ మీది గీతలు 'గలత్', రేగ్‌మాల్ పెట్టి అరగదీయాలి లేదా లప్పం పూసి పూడ్చాలి అని ఫత్వా. ఆ మీదట ముందున్న డిష్ గలత్, గొట్టాల కొనలు గలత్, వెనక విమానాల గది తలుపు గలత్. ఒక్కోదానికి ఒక్కో రెజిన్ ముక్క. ఆ ముక్కలన్నీ కొంటే కిట్ ధర చిల్లర కింద లెక్క.

సరే, గలత్ అంటున్నారు కదా. దేనితో పోల్చి గలత్? మేం రివాయత్ విన్నప్పుడు సనద్ అడుగుతాం. ఎవరి నోట విన్నావు, ఆయన ఎవరి దగ్గర విన్నాడు, మధ్యలో గొలుసు తెగిందా. ఈ అస్లీ ఓడకు కూడా సనద్ చూద్దాం.

పెద్ద మోడల్‌ను 1964లో చెక్క, ప్లాస్టిక్, లోహం కలిపి కట్టారు. పొడవు 11 అడుగుల పైచిలుకు. మొదటి పైలట్‌కు ఒక రూపం, రెండో పైలట్‌కు కొన్ని మార్పులు, సీరియల్ మొదలయ్యాక ఇంకొన్ని. ఇందులో ఏది అస్లీ? ఆ మోడల్‌కు కుడివైపే పూర్తి అలంకారం. దీపాలు పెట్టాక ఎడమవైపు నుంచి వైర్లు బయటికి వచ్చేవి కాబట్టి ఆ పక్కను కెమెరాకు చూపేవారు కాదు. ఎడమవైపు కావాలనుకుంటే అంకెల్ని తిరగేసి అతికించి, కుడివైపే తీసి, ఫిల్మ్ తిప్పేసిన సందర్భాలూ ఉన్నాయి. అంటే అస్లీ అనుకుంటున్న దానికే ఒక పక్క మొహం లేదు. అంత కచ్చితత్వం కావాలంటే జనాబ్, మీ మోడల్‌కు కూడా ఎడమవైపు ఖాళీగా వదిలేసి నాలుగు వైర్లు వేలాడదీయండి. ఆ పని చేసిన మర్ద్‌ను నేనింకా చూడలేదు.

ఇంకా ఉంది. 1974లో ఆ మోడల్ స్మిత్‌సోనియన్ మ్యూజియంకు చేరింది. అక్కడ దానికి ఒకటికి నాలుగు సార్లు మరమ్మత్ జరిగింది. 1991-92లో చేసినప్పుడు సాసర్ పైభాగం పాత రంగును అలాగే ఉంచి, మిగతా ఒళ్లంతా కొత్త రంగు వేశారు. గీతలు, నీడలు గాఢంగా పడ్డాయి. హద్దు మీరిందని అభిమానులు అప్పుడే గోల చేశారు. అయినా ఎందరో షౌకీన్లు మ్యూజియంలోనే అలా ఉంది కదా అని తమ మోడల్స్ మీద ఆ గీతలే నకల్ చేశారు. 2014లో మ్యూజియం వాళ్లే మళ్లీ పని మొదలుపెట్టి, సాసర్ మీద మిగిలిన ఆ పాత రంగునే గవాహ్‌గా తీసుకుని, 1967 ఆగస్టు నాటి రూపానికి తెచ్చి, 2016లో జనం ముందు పెట్టారు. అంటే ఇరవై ఏళ్లకు పైగా సనద్ అనుకున్నది జయీఫ్ అని మ్యూజియమే తేల్చింది. మరి ఆ ఇరవై ఏళ్లలో కట్టిన 'అక్యురేట్' మోడల్స్ సంగతేంటి? మళ్లీ రేగ్‌మాల్ పట్టుకోవాలా?

పెద్దదానికంటే ముందు తయారైన చిన్న మోడల్, మూడడుగులది, 1970లలో మాయమైంది. 2023లో ఆన్‌లైన్ వేలంలో తేలి, మరుసటి ఏడాది సీరియల్ సృష్టికర్త రాడెన్‌బెరీ కొడుకు చేతికి చేరింది. ఇన్నేళ్లూ అది కళ్లముందు లేకుండానే దాని గురించి ఖాయం చేసి మాట్లాడినవాళ్లు కోకొల్లలు.

ఇప్పుడు నా పెద్ద దలీల్. 1967 అక్టోబర్‌లో 'ది డూమ్స్‌డే మెషీన్' అనే ఎపిసోడ్ వచ్చింది. అందులో ఎంటర్‌ప్రైజ్‌కు జోడీ ఓడ, కాన్‌స్టెలేషన్, దెబ్బలు తిని నల్లగా మాడి అంతరిక్షంలో తేలుతూ కనిపిస్తుంది. ఆ ఓడ ఏంటో తెలుసా? దుకాణంలో అమ్మే ఏఎంటీ కిట్. కాల్చి, గాట్లు పెట్టి, కెమెరా ముందు పెట్టారు. దాని నంబరు 1017. ఆ నంబరే ఎందుకంటే కిట్ డబ్బాలో వచ్చిన 1701 డెకాల్ అంకెల్నే అటుదిటు చేసి వేశారు కాబట్టి. మీరు గలత్ అన్న సాసర్, గలత్ అన్న డిష్, గలత్ అన్న గొట్టాలు టీవీ తెరమీద స్టార్ ట్రెక్‌లోనే ఉన్నాయి. అదే డిసెంబర్‌లో వచ్చిన ట్రిబుల్స్ ఎపిసోడ్‌లో స్టేషన్ మేనేజర్ గది కిటికీ అవతల కనిపించే ఎంటర్‌ప్రైజ్ కూడా ఈ కిట్టే. ఇంతకంటే బలమైన సనద్ ఎక్కడ తెస్తారు? తీసినవాళ్లే ఒప్పుకున్న కిట్‌ను మీరు తిరస్కరిస్తారా?

దీనికి వాళ్ల జవాబు తెలుసు: "మా పైసలు, మా కిట్, మా ఇష్టం." బిల్కుల్ మీ ఇష్టం. ఇంట్లో కూర్చుని ఏం చేసుకున్నా నేను కాదనను. నా ఎతరాజ్ ఆ ఇష్టాన్ని కొరడాగా వాడుకోవడం మీద.

మా దోస్తు కొడుకు ఒకడున్నాడు, ఇంటర్ రెండో సంవత్సరం. రెండు రంజాన్ల ఈదీ కూడబెట్టి ఈ కిట్ తెప్పించుకున్నాడు. కొరియర్, కస్టమ్స్ కలుపుకుంటే ఈదీ అంతా అయిపోయింది. గొట్టాలు జారకుండా కాళ్లలో సైకిల్ స్పోక్ ముక్కలు దూర్చాడు. అది వాడి సొంత బుర్ర, ఎవరూ చెప్పలేదు. అతుకుల్లో లప్పం నింపి, నీళ్లు తగిలిస్తూ సన్న రేగ్‌మాల్‌తో నాలుగు రాత్రులు రుద్దాడు. మోడల్స్ కట్టేవాళ్లు నలుగురు కలిసేచోటికి తీసుకెళ్లాడు. అక్కడ ఒక పెద్దమనిషి ఓడను చేతిలోకి కూడా తీసుకోకుండా, సాసర్ వంక చూసి, "గీతలు తియ్యలేదా? రీప్లేస్‌మెంట్ పార్ట్స్ తెప్పించుకోలేదా? ఇది బొమ్మ, మోడల్ కాదు" అన్నాడట. స్పోక్ గురించి ఒక్క ముక్క అడగలేదు. రాత్రి నాకు ఫోన్.

"చాచా, గీతలు తీసేయమంటారా? రంగు మొత్తం ఖరాబవుతది."

"ఎందుకు తీస్తవు బేటా?"

"గలత్ అంటున్నరు కదా."

"కాన్‌స్టెలేషన్ ఎపిసోడ్ చూసినవా?"

చూడలేదన్నాడు. చూడమన్నాను. మర్నాడు పొద్దున మెసేజ్ వచ్చింది, నవ్వే మొహాలు ఆరేడు.

వాడు తన చేత్తో, తన కంటితో ఒక ఐబు పట్టుకుని, ఇంట్లో ఉన్న సామానుతో దాన్ని సరిచేశాడు. ఇస్లాహ్ అంటే అది. జేబు బరువుతో తూచే పెద్దమనిషికి అది కనబడలేదు. కారీగరీ కంటే ఖరీదీ గొప్పదైపోయిన మజ్లిస్‌లో ఈదీ పైసల పిల్లలు ఎన్నాళ్లు కూర్చుంటారు? రెండోసారి రారు. తర్వాత మనమే "కొత్త తరానికి షౌక్ లేదు" అని ఆహ్‌లు నింపుతాం.

ఇంకో సంగతి. కచ్చితమైన ఎంటర్‌ప్రైజే కావాలంటే అది వేరే దొరుకుతుంది. పోలార్ లైట్స్ పేరుతో 1/350 స్కేలులో, రెండున్నర అడుగుల పైచిలుకు పొడవున, పెద్ద మోడల్‌ను దగ్గరగా పరిశీలించి చేసిన కిట్ వచ్చి పదేళ్లు దాటింది. దాన్ని తెచ్చుకోండి, హాయిగా కట్టుకోండి. దాన్ని మెచ్చుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు, మంచి కిట్. మరి ఏఎంటీ కిట్‌ను కోసి, చెక్కి, పూడ్చి ఆ కిట్‌లా చేయడం దేనికి? పాతది 1966లో ఒక కార్ల మోడల్స్ కంపెనీ అంతరిక్షాన్ని ఎలా ఊహించిందో చెప్పే కాగజ్. ఆ గీతలు ఆ కంపెనీ కారీగర్ల చేతిరాత. ఖుష్‌నవీస్ రాసిన పాత పేజీ మీద నుక్తా తప్పిందని పేజీ మొత్తం కంప్యూటర్ ఫాంట్‌లో కొట్టి అతికించేవాడిని మనం ఆలిమ్ అనం.

"అయితే అసలు ఏమీ ముట్టుకోవద్దా?" అని అడుగుతారు. ముట్టుకోవాలి. కాళ్లలో కడ్డీ వేయాలి, అది లేకపోతే ఓడ నిలవదు. అతుకులు పూడ్చాలి, అవి ఎవరూ కావాలని పెట్టినవి కావు. దీపాలు పెట్టొచ్చు, మొదటి విడత కిట్లలో కంపెనీయే పెట్టింది, ఇప్పుడు ఎల్‌ఈడీలు చిల్లరకు దొరుకుతాయి, వేడెక్కి ప్లాస్టిక్‌ను కరిగించవు. కిటికీలకు సన్న డ్రిల్లుతో రంధ్రాలు పొడవొచ్చు. రంగు దగ్గర మాత్రం ఎవరి మాటా వినక్కర్లేదు. షూటింగ్ దీపాల కింద ఆ ఓడ ఒకసారి తెల్లగా, ఒకసారి నీలంగా కనిపిస్తుంది. నేను వేసేది లేత బూడిద రంగులో ఒక చుక్క ఆకుపచ్చ. గీతల మీద అదే రంగు పల్చగా పోతుంది, అవి కనిపిస్తాయి, కనిపించనీ. గొట్టాల కొనల్లో నారింజ దీపాలు పెట్టడం ఇంకా మిగిలింది. వైర్లు ఆ పిల్లవాడే వేస్తానన్నాడు, శుక్రవారం నమాజ్ అయ్యాక వస్తాడు.