మరక ఎక్కడిదో చూడకుండానే ఇంజను విప్పుతారా?

ఎడ్లను కొనడానికి సంతకు పోయిన రైతు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. సుళ్లు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. అమ్మేవాడి మాట ఆఖరున వింటాడు. అదే రైతు పాత కారు కొనేటప్పుడు మాత్రం రంగు చూసి, సీటు కవర్లు చూసి, పాటలు మోగుతున్నాయో లేదో చూసి బయానా ఇచ్చి వస్తున్నాడు. నెల తిరక్కుండానే కారు కింద మరక, ఇంజనులో మోత. అక్కడి నుంచి షెడ్డు చుట్టూ ప్రదక్షిణలు.

అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా కృష్ణా జిల్లా పల్లెల్లో పాత కార్లకు గిరాకీ తగ్గలేదు. 15 ఏళ్లు నిండిన సొంత కారును పరీక్ష చేయించి, 5 ఏళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవచ్చు. అర్ధరాత్రి కాన్పు నొప్పులు వచ్చినా, ముసలాయనకు ఆయాసం వచ్చినా ఊళ్లో ఉన్న ఆ ఒక్క బండే దిక్కు. అందుచేత ఈ సంగతి కారున్న నలుగురికే సంబంధించినదని కొట్టిపారేయడానికి లేదు.

షెడ్డుకు తీసుకుపోతే జరిగేదేమిటి? మెకానిక్కు బానెట్ ఎత్తుతాడు, ఒకసారి రైజు చేయిస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు. “ఇంజను బోరుకొచ్చింది, దించాలి” అంటాడు. రైతు గుండెల్లో రాయి పడుతుంది. ధాన్యం డబ్బులో సగం విజయవాడ ఆటోనగరు దారి పడుతుంది. తీరా ఇంజను విప్పి, బోరు చేయించి, బిగించి తెస్తే నెలకే మళ్లీ అదే చోట అదే మరక! ఇలాటి కథ వినబడని ఊరు లేదు.

అన్ని షెడ్లూ ఇలాగే ఉన్నాయనడం అన్యాయం. చెవితోనే జబ్బు చెప్పగల పనివాళ్లు జిల్లాలో ఉన్నారు. కాని చూసి చెప్పినందుకు వారికి ముట్టేది శూన్యం. గంటసేపు కారు కింద పడుకుని “టాపెట్ కవరు ప్యాకింగు పోయింది, అంతే” అని చెప్పిన మెకానిక్కుకు ప్యాకింగు ఖరీదు, టీ డబ్బులు మాత్రమే దక్కుతాయి. ఇంజను దించినవాడికి వేలు దక్కుతాయి. మందుకు డబ్బిచ్చి నాడి చూసినందుకు ఇవ్వని ఊళ్లో నాడి చూసే వైద్యుడు ఎన్నాళ్లుంటాడు? తప్పు షెడ్డుది ఎంతో కారు యజమానిది కూడా అంతే.

నిజానికి కారు కింద మరకను ముందు చూసేది తెల్లవారుజామున వాకిలి ఊడ్చే ఇల్లాలు. కల్లాపి చల్లిన నేల మీద నల్లటి చుక్క ఆమెకు కనబడినంత తేలిగ్గా బండి తోలేవాడికి కనబడదు. ఆమె చెప్పిన మాట చెవిన పెడితే సగం పని అయినట్టే. రాత్రి కారు కింద పాత దినపత్రిక పరచి, తెల్లారి చూస్తే చుక్కలు ఎక్కడ పడ్డాయో, ఏ రంగువో తెలుస్తుంది. నల్లగా, గోధుమరంగులో జిడ్డుగా ఉంటే ఇంజను ఆయిలు. చిక్కగా ఉండి ఘాటుగా వాసన కొడితే గేరు ఆయిలు కావచ్చు. పచ్చగానో మరో రంగులోనో నీళ్లలా ఉంటే రేడియేటరు వైపు చూడాలి. ఏసీ వేసి తిరిగి వచ్చాక కారిన మంచినీళ్లకు కంగారు పడనక్కర లేదు. చక్రం లోపలి వైపున పలచటి నూనె తడి కనబడితే మాత్రం బండి కదపరాదు. అది బ్రేకు ఆయిలు కావచ్చు, ప్రాణాలతో పని.

ఇంజను ఆయిలే అయితే, చుక్క పడిన చోటే కన్నం ఉందనుకోవడం పెద్ద పొరపాటు. ఆయిలు పైనుంచి కిందికి జారుతుంది, బండి పరుగు గాలికి వెనక్కి పాకుతుంది. పైన టాపెట్ కవరు దగ్గర ఊరిన ఆయిలు ఇంజను వీపు మీదుగా దిగి, గేరుబాక్సు అతుకు దగ్గర బొట్టు కడుతుంది. అది చూసి “వెనక సీలు పోయింది, గేరుబాక్సు దించాలి” అంటారు. కొన్ని వందల రూపాయలతో పోయేది వేలకు పాకేది ఇక్కడే. ఇంజను చల్లారాక జిడ్డంతా తుడిచి, అనుమానమున్న అతుకుల మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, పది నిమిషాలు నడిపి ఆపి చూస్తే పౌడరు ముందు ఎక్కడ తడిసిందో అదే మూలం. తడిసినవాటిలో అన్నిటికంటే పైనున్న చోటు చూడాలి. ఆయిలు ప్రెషరు స్విచ్చి, ఫిల్టరు, చాంబరు కింద బోల్టు వాషరు... చాలాసార్లు దొంగలు ఈ చిన్నవాళ్లే. వేడి సైలెన్సరు పైపు మీద ఆయిలు పడి పొగ వస్తుంటే ఆలస్యం కూడదు, మంట అంటుకునే ప్రమాదముంది.

సీలు మార్చినా మళ్లీ కారుతోందంటే బ్రీదరు పైపు చూశారా అని అడగాలి. ఇంజను కడుపులో చేరిన ఆవిరి బయటకు పోయే దారి అది. అది మడ్డితో పూడుకుపోతే లోపలి ఒత్తిడి కొత్త సీలునూ తోసేస్తుంది. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత జాగ్రత్తగా తీస్తే పొగ బుసబుస తన్నుకు వస్తోందా? బ్రీదరు శుభ్రంగా ఉండి కూడా అలా వస్తుంటే అప్పుడు రింగుల మాట నమ్మవచ్చు. ఇంజను దించమనడం అప్పుడు న్యాయం.

మోతల సంగతీ ఇంతే. పైభాగంలో కుట్టుమిషనులా టకటకమంటే టాపెట్ల సందు పెరిగి ఉండవచ్చు, సైలెన్సరు ప్యాకింగు పగిలి ఉండవచ్చు, అన్నిటికంటే ముందు ఆయిలే తగ్గి ఉండవచ్చు. మారుతి 800 ఇంజను మూడు లీటర్ల ప్రాంతం ఆయిలుతో బతికేది. చుక్కచుక్కగా అందులో లీటరు పోయినా తోలేవాడికి తెలియదు. వారానికోసారి చదును నేల మీద ఆపి, కాస్త ఆగి, గేజీ కడ్డీ తీసి చూసే అలవాటు ఎందరికుంది? పొద్దున చల్లగా ఉన్నప్పుడు మోగి, వేడెక్కాక అణిగే మోత పిస్టనుది కావచ్చు, దానితో కొన్నేళ్లు నడిచిన బండ్లున్నాయి. కీచుమంటే ముందు బెల్టును అనుమానించాలి. బరువు లాగుతున్నప్పుడు అడుగు నుంచి దబదబమంటే మాత్రం అది కనెక్టింగు రాడ్డు బేరింగు కావచ్చు. ఆయిలు బొమ్మ ఎర్రగా వెలిగితే ‘ఇంటి దాకా పోదాం’ అనుకోకుండా రోడ్డు పక్కనే ఆపాలి. ఆ రెండు మైళ్లలోనే ఇంజను పట్టేస్తుంది.

అనుభవమున్న మెకానిక్కు పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని మోత ఎక్కడిదో పసిగడతాడు. పక్కన నిలబడి తొంగిచూసే పెద్దలు మెడలో కండువా తీసి పెట్టడం మంచిది. ఫ్యాను దానిని లాగితే పీకకే ఉరి.

అమ్మేవాళ్ల చాకచక్యం గురించి చెప్పాలి. ఇంజను తళతళ కడిగించి మరకలు మాయం చేస్తారు. చిక్కటి ఆయిలు పోసి మోత అణుస్తారు. కొనేవాడు రాకముందే బండిని వేడి చేసి ఉంచుతారు. అందుకని చెప్పాపెట్టకుండా తెల్లవారే వెళ్లి బానెట్ మీద చెయ్యి వేసి చూడాలి. వెచ్చగా ఉంటే ఆ పూటకు బేరం మాట్లాడకుండా వచ్చేయడమే మేలు.

షెడ్లవారు ఇకనైనా చూసినందుకు ఇంత అని ఒక రుసుము బోర్డు మీద రాసి తీసుకోవాలి, యజమానులు గొణగకుండా ఇవ్వాలి. ఇంజనుకు పానా పెట్టేముందు కారే చోటును యజమానికి కళ్లారా చూపించాలి. తీసిన పాత సామాను, ఎంత పనికిరానిదైనా, అతని చేతికివ్వాలి. మార్చిన నల్ల ఆయిలును పంట కాలువలో పారబోసే అలవాటు మానాలి. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. దానిని డబ్బాల్లో పట్టి, శుద్ధి చేసేవారికి చేర్చాలి.

పశువులకు ఊరూరా వైద్య శిబిరాలు పెడుతున్నారు. మోటారు మెకానిక్ తరగతులున్న ఐటీఐలు తమ విద్యార్థులతో మండలానికొక శిబిరం పెట్టి పాత కార్లను ఉచితంగా పరీక్షిస్తే కుర్రాళ్లకు పని వస్తుంది, రైతుకు తన బండి జబ్బేదో చీటీ మీద రాసి ఉంటుంది. ఆ చీటీ పట్టుకుని షెడ్డుకు వెళ్లినవాడితో ఇంజను దించాలనే ముందు ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు. నాలుగు పాత దినపత్రికలు, ఒక పౌడరు డబ్బా, ఒక టార్చిలైటు చాలు. సంక్రాంతికి బండ్లు రోడ్డెక్కే ముందే ఒకటి పెట్టి చూడవచ్చు.