తాగితేనే లెక్క, తగిలితే లెక్కలేదా?

పత్తిచేలో పొద్దంతా మందు కొట్టొచ్చినోడు రాత్రికి వాంతులు చేసుకుంటే మనవాళ్లు ఎండదెబ్బ అంటారు. ఆసామి 'తాగుడు ఎక్కువైంది' అంటాడు. ఆర్‌ఎంపీ ఓ సెలైన్ సీసా ఎక్కించి డబ్బులు తీసుకుంటాడు. తెల్లారితే మళ్లీ పంపు భుజానికెత్తుకోవాల్సిందే. ఇది పనిలో తగిలిన దెబ్బ అని మాత్రం ఒక్కరూ అనరు.

గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో పత్తి వచ్చిన కాణ్ణించీ ఇదే వరస. (2022లో గీతలు మార్చి పల్నాడు, బాపట్ల అన్నారు. నేలా మారలేదు, పంపు మోసే భుజమూ మారలేదు.) 1984-85లో తెల్లదోమ, 1987-88లో శనగపచ్చ పురుగు చేలకు చేలు ఊడ్చేశాయి. అప్పులపాలై ప్రాణం తీసుకున్న రైతుల గురించి పేపర్లు రాశాయి. రాయాల్సిందే. మరి ఆ పురుగు మీద మందు కొట్టిందెవరు? చేను ఆసామిది, అప్పు కౌలురైతుది, పంపు మాత్రం ఎక్కువగా మాల మాదిగ పల్లెలది. 2002లో బీటీ విత్తనం వచ్చాక కాయతొలిచే పురుగుకి కొట్టడం కొన్నాళ్లు తగ్గింది గానీ రసం పీల్చే పురుగుకి తగ్గలేదు. 2021-22లో మిరపతోటల మీద నల్ల తామరపురుగు పడ్డప్పుడు ఆ మందూ ఈ మందూ కలిపి కొట్టించారు.

డబ్బా మీద 'ఈ.సీ.' అని రెండు అక్షరాలుంటాయి. క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్, ప్రొఫెనోఫాస్, 2011లో సుప్రీంకోర్టు ఆపించిన ఎండోసల్ఫాన్ - ఇవన్నీ ఆ రకంలో వచ్చినవే. ఈ విషాలు నీళ్లలో సరిగా కరగవు. అందుకని జైలీన్ లాంటి ద్రావకంలో కరిగించి డబ్బాకెత్తుతారు. నీళ్లలో పోయగానే పాలలాగా తెల్లబడేది అందుకే. ముక్కు పగిలే ఆ వాసనలో ద్రావకం పాలూ ఉంది. జైలీన్ పీలిస్తే తలనొప్పి, మత్తు, కళ్లు తిరగడం. వొంటిమీద పడితే చర్మంలో ఉండే జిడ్డు కరిగి, విషం లోపలికి దిగడానికి దారి సులువవుతుంది. లోపలికి దిగిన ఫాస్ఫరస్ జాతి మందు నరాల పని చూసే కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. చెమటలు, నోట్లో నీళ్లూరడం, కనుపాప చిన్నదైపోవడం, కండరాలు అదరడం, ముదిరితే ఊపిరాడకపోవడం. పంపు కారి వీపు తడిస్తే చాలు, నోటితో తాగక్కర్లేదు.

ఇక లెక్కల సంగతి. వరంగల్ కూడా మనలాంటి పత్తినేలే. 1997 నుంచి 2002 దాకా అక్కడి పెద్దాసుపత్రిలో పురుగుమందు విషంతో చేరినవాళ్లు 8,040 మంది. నూటికి 22 మందికి పైగా చనిపోయారు. 2002లో చేరినవాళ్లలో నూటికి 96 మంది కావాలని తాగినవాళ్లే. అంటే చేలో తగిలేది నూటికి నలుగురికేనా? కాదు. అది ఆసుపత్రి గుమ్మం ఎక్కినవాళ్ల లెక్క. 2003లో పత్తి పండించే ఆడవాళ్లే తమకీ, తమ ఇళ్ల మగవాళ్లకీ మందు పని చేసినప్పుడల్లా ఏమైందో ఫారాల్లో నమోదు చేశారు. మొత్తం 323 నమోదులు. అందులో నూటికి 83కి పైగా విషం తగిలిన లక్షణాలున్నాయి. నూటికి ఆరుసార్లు నరాల మీద బాగా ప్రమాదంగా పనిచేసింది. ఆసుపత్రికి పోయినవాళ్లు ఒక్కరూ లేరు! మందు కలిపి ట్యాంకు నింపే ఆడమనిషికి, కొట్టేవాడికున్నంత ప్రమాదమూ ఉందని అక్కడే తేలింది. పెద్ద ఆసాముల కన్నా చిన్నకారు రైతులకే దెబ్బ గట్టిగా తగిలింది. సెంటు భూమి లేని కూలోడి సంగతి ఇక అడగాలా?

గ్లౌజులు, మాస్కు వేసుకోకపోవడం మీ తప్పే అంటారు. 1971 నాటి పురుగుమందుల రూల్సులో రక్షణ దుస్తులున్నాయి, పనిలో పెట్టుకునే ముందూ తర్వాత ఏడాదికోసారీ డాక్టరు పరీక్ష కూడా ఉంది. ఏ పల్లెలోనైనా మందు కొట్టేవాడికి అలాంటి పరీక్ష జరగడం చూశారా? ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నియమావళి ఇంకో మాట చెబుతుంది: ఇబ్బందిపెట్టే, ఖరీదైన తొడుగులుంటే తప్ప వాడకూడని మందుల్ని వేడి దేశాల్లో కూలీల చేత వాడించకపోవడమే మంచిదని. మనకి తొడుగుల పాఠం చెప్పేవాళ్లు ఈ పాఠం చదవరు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయాక గానీ దేశం ఉలిక్కిపడలేదు. మోనోక్రోటోఫాస్‌ను ఆపే ఉత్తర్వు 2023లో వచ్చింది.

1923 నాటి నష్టపరిహారం చట్టం జబ్బుల జాబితాలో బెంజీన్ వల్ల వచ్చేవీ, ఫాస్ఫరస్ విషాల వల్ల వచ్చేవీ రాశారు. ఫ్యాక్టరీలో తగిలితే రోగం, చేలో తగిలితే తాగుడా? మందు కొట్టే కూలి మాట్లాడుకునేటప్పుడే ఆసుపత్రి ఖర్చు ఆసామిదని పదిమందిలో ఒప్పించాలి. ప్రతి పీహెచ్‌సీ రిజిస్టరులో 'పనిలో తగిలినది' అని వేరే గడి పెట్టాలి. పోలీసులు 'ఎందుకు తాగావు' అని అడుగుతారని భయపడి కడుపునొప్పి అని చెప్పుకునే రోజులు పోవాలి.

నా బళ్లో పిల్లల చేత డబ్బా మీది గుర్తు గీయిస్తున్నాను. ఎరుపుంటే అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఇళ్లకెళ్లి అమ్మానాన్నలకి చెబుతున్నారు. మీరూ ఒకటి చెయ్యండి. ఎవరికైనా మందు తగిలితే బట్టలు విప్పి సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. డబ్బాగానీ దాని మీది కాగితంగానీ వెంట పట్టుకెళ్లండి. చీటీలో 'చేలో మందు కొడుతుండగా' అని రాయించండి. రాయమంటే కలెక్టరుకి అర్జీ పెడదాం, బడి వదిలాక నేను రాసిపెడతాను.