ఇచ్చుట వేరు, నేర్పుట వేరు

బెంగళూరునందలి మన తెలుగు కుటుంబములలో నేడొక వింత ఔదార్యము ప్రబలియున్నది. కర్నూలు నుండియో గుంటూరు నుండియో వృద్ధులైన తల్లిదండ్రులు వచ్చి పిల్లల యింట స్థిరపడుదురు. ఊరిలోని పుస్తకముల బీరువా వెంట రాదు. పిల్లలు ఒక ఈ-పుస్తక పఠనయంత్రమును వారి చేతిలో పెట్టి, "ఇందులో వేలకొలది పుస్తకములున్నవి, చదువుకొనుడు" అని చెప్పి పనికి పోవుదురు. నెల తిరుగకముందే ఆ యంత్రము అలమార చేరును. పిమ్మట నలుగురిలో, "మా నాన్నగారికి ఇవి అబ్బవండీ" యని నవ్వుదురు. ఆ నవ్వునే మేము ఖండింపదలచితిమి.

అభ్యాసము వారికి అబ్బకపోవుట కాదు. బోధన మనకు అబ్బలేదు.

మేము గుమాస్తాగా పనిచేయుచుండగా కార్యాలయమునకు కంప్యూటరు వచ్చినది. టైపు మిషనుపై ఆరితేరిన మా వ్రేళ్లు ఆ క్రొత్త మీటలపై తడబడినవి. నేర్పవచ్చిన యువకుడు మా ప్రశ్న వినక, మీటల పలకను తనవైపునకు లాగుకొని, క్షణములో పని ముగించి పోయెను. పని అయినది, మాకు విద్య రాలేదు. మరల అడుగుటకు ఆరు నెలలు సిగ్గుపడితిమి. నేడు మన యిండ్లలో పెద్దలు పడుచున్నది ఆ సిగ్గే.

ఇచ్చువారికైనను తామిచ్చునది తెలియునా? కిండిల్ అంగడి 2016 డిసెంబరులో హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషల పుస్తకములకు తలుపు తెరచినది. ఆ యైదింటిలో తెలుగు లేదు. మనకు నీడనిచ్చిన కన్నడమును లేదు. అట్టి అంగడిలో తెలుగు పుస్తకమును వెదకి కానక, "నాకే చేతకాలేదు" అని పెద్దాయన యంత్రమును మూసివేసినచో తప్పెవరిది?

"కాగితముపై నున్నదే పుస్తకము, ముదిమిలో ఈ యంత్రములేల?" యనువారును కలరు. చూపు మందగించినవానికి అక్షరము పెద్దదగుట విలాసము కాదు, అవసరము. అయితే అన్ని ఈ-పుస్తకములును ఒక్కటి కావు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పాత తెలుగు గ్రంథములు పెక్కు పుటల ఛాయాచిత్రములు. వానిలో అక్షరమును పెంచినచో పంక్తి తెర దాటిపోవును. తెలుగు వికీసోర్సులో అక్షరములుగా కూర్చిన గ్రంథములు కలవు. అక్షరము పెరిగినను పంక్తులు తమంతట సర్దుకొనును. ఈ భేదమును ముందుగా చెప్పినచో సగము చిక్కు తీరును.

మన పూర్వులు చదువరిని చూచి నవ్వలేదు. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. ఆ యుద్యమకారులు అక్షరము రానివారికి చదివి వినిపించిరి, రాత్రిబడులు నడపిరి. 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో పుస్తకములు పడవనెక్కి కాలువ వెంట పల్లెలకు పోయినవి. అక్షరము రానివానినే ఆదరించిన జాతి, అక్షరము వచ్చి మీట తెలియనివానిని వెలివేయుట న్యాయమా?

మన సంఘములు వేదికలపై సాంకేతిక ప్రగతిని కొనియాడి, శాలువలు కప్పి, ఫలహారములతో ముగించుట చాలును. ఆదివారము ఒక గంట, ఒక బల్ల, ఇద్దరు ఓపికగల యువకులు చాలుదురు. నియమములు మూడు. యంత్రము నేర్చువాని చేతినుండి కదలరాదు. మొదటి పుస్తకము ఆయన కోరినదే కావలెను. "ఇది చాల సులభము" అను మాట నోట రారాదు. సులభమని చెప్పినది రానివాడు తన్ను తాను మూఢునిగా నెంచుకొనును. తొలినాడు అక్షరము పెంచుట, పుట త్రిప్పుట నేర్పిన చాలును.

మనకు అక్షరములు దిద్దించిన నాడు వారు పలకను మన చేతినుండి లాగుకొనలేదు. మన చేతిపై తమ చేయి వేసి దిద్దించిరి. ఆ ఋణమును తీర్చు వేళ వచ్చినది.