మీటరు అక్కర్లేదు, గడియారం చాలు

ఎండాకాలం వస్తే మా అనంతపురంలో ఇల్లు నిద్రకు పనికిరాదు. పగలంతా కాగిన కప్పు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. అందుకే పొద్దుగూకగానే మిద్దె మీద నాలుగు బిందెల నీళ్లు చల్లి, ఆ సెగ చల్లారాక చాపలు పరుచుకుంటాం. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లా ఇది. ఇక్కడ నాలుగు బిందెలంటే చిన్న లెక్క కాదు. నీళ్లు పోసి కొనుక్కున్న నిద్ర అది.

అలా కొనుక్కున్న నిద్ర ఒక రాత్రి పదకొండు గంటలు దాటాక పోయింది. మా వీధి చివర లారీ మీద నిలువెత్తున పేర్చిన డీజే పెట్టెలు ఒక్కసారిగా మొదలయ్యాయి. పెళ్లి ఊరేగింపు. రేకుల షెడ్లు అదిరాయి. నీళ్ల డ్రమ్ము మీద మూత గిలగిలా కొట్టుకుంది. గుండె ఆపరేషనై నెల తిరగని ఎదురింటి తాత ఎడమ చేత్తో రొమ్ము అదుముకుని మెట్ల మీద కూలబడ్డాడు. పక్క మిద్దె మీద పసిబిడ్డ ఉలిక్కిపడి లేచింది. ఆ బిడ్డ నోరు తెరుచుకోవడం నాకు వీధి దీపం వెలుగులో కనపడింది. ఏడుపు మాత్రం వినపడలేదు. పక్కనే ఉన్న తల్లికీ వినపడలేదు, చెయ్యి తగిలితే లేచి చూసింది.

నేను స్టేషనుకు ఫోన్ చేశాను. "టైము పదకొండున్నర సార్, ఆపించండి" అన్నాను. "సౌండు ఎంతుందో కొలిచే మీటరు మా దగ్గర లేదు సార్. పొద్దున్నే వచ్చి కంప్లైంటు రాసియ్యండి" అంది అవతలి గొంతు. ఇంకో నంబరుకు చేస్తే, పర్మిషన్ ఇచ్చింది మేం కాదన్నారు. మూడోచోట నా పేరు, ఇంటి గుర్తు అడిగి రాసుకున్నారు. అరగంట తిరక్కముందే ఆ పేరు ఊరేగింపు దాకా చేరింది. ఒక కుర్రాడు మా గేటు దగ్గరికొచ్చి, "ఇదొక్కదినమే కదన్నా, సర్దుకోప్పా. పెద్దోనివి, కంప్లైంటు ఎందుకు?" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. నా పేరు అతని చేతికి అందించినవాళ్ల మీద ఉంది. ఫిర్యాదు చేసినవాణ్ణి పట్టించి, తప్పు చేసినవాణ్ణి వదిలేసే యంత్రాంగం మీద ఉంది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

మీటరు లేదన్నారే, ఆ మాట దగ్గరే నిలబడి అడుగుతాను. అసలు మీటరు కావాలని ఎవరు చెప్పారు?

2000 ఫిబ్రవరి 14న కేంద్ర ప్రభుత్వం పర్యావరణ పరిరక్షణ చట్టం కింద శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు తెచ్చింది. పాతికేళ్లు దాటిపోయాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదని వాటిలో ఉంది. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా అని కూడా రాసి ఉంది. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం వంద మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించవచ్చు, అక్కడ పగలు 50, రాత్రి 40. ఈ అంకెలు తేల్చాలంటే మీటరు కావాలి, ఒప్పుకుంటాను. కానీ అదే నిబంధనల్లో ఇంకో మాట ఉంది. రాత్రి పది దాటితే బయట మైకు పెట్టకూడదు, అంతే. ఎంత సౌండుతో పెట్టారన్న ప్రశ్నే లేదు. నాలుగు గోడల మధ్య మూసి ఉన్న హాల్లో తప్ప, ఆరుబయట, వీధిలో, లారీ మీద కుదరదు. పగటిపూట పెట్టాలన్నా రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. రాత్రి నిబంధన ఉల్లంఘించారని ఫిర్యాదు చేయడానికి ఏ మనిషికైనా హక్కుంది, ఆ ఫిర్యాదు మీద చర్య తీసుకోవడం అధికారి బాధ్యత. ఇది తేల్చడానికి గడియారం చాలు. ఫోన్ ఎత్తిన ఆ మనిషి చేతికీ గడియారం ఉండే ఉంటుంది.

ఆ అధికారి ఎవరో కూడా నిబంధనల్లోనే ఉంది. జిల్లా మేజిస్ట్రేట్, పోలీసు కమిషనర్, లేదా డీఎస్పీ హోదాకు తగ్గకుండా నియమించిన అధికారి. మన జిల్లాలో మేజిస్ట్రేట్ అంటే కలెక్టరే. అలాంటప్పుడు నన్ను రాత్రంతా మూడు గుమ్మాలు ఎందుకు తిప్పారు? మా వార్డులో ఎవరినైనా అడగండి, రాత్రి పన్నెండుకు శబ్దం మీద ఫిర్యాదు ఎవరికి చేయాలో ఒక్కరికీ తెలియదు. 2019 నుంచి వార్డుకో సచివాలయం ఉంది. పింఛన్ల జాబితాలు, పథకాల జాబితాలు గోడకు అంటిస్తారు. ఈ అధికారి పేరు, నంబరు అంటించిన గోడను నేను ఇంతవరకూ చూడలేదు.

ఆ బిడ్డ నోరు తెరుచుకోవడం చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది సుప్రీంకోర్టు తీర్పు. పదమూడేళ్ల పిల్ల మీద అత్యాచారం జరిగినప్పుడు, ఆ పిల్ల అరుపులు చుట్టుపక్కల మోగుతున్న పాటల హోరులో కలిసిపోయి ఎవరికీ వినపడలేదు. ఆ సంగతి కదిలిస్తే ఒక ఇంజనీరు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2005 జులై 18న ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి.లాహోటి, జస్టిస్ అశోక్ భాన్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రశాంతంగా బతకడం జీవించే హక్కులో భాగమని, మాట్లాడే స్వేచ్ఛ పేరుతో ఎదుటివాడి చెవిలో బలవంతంగా మోత పొయ్యడానికి ఎవరికీ హక్కు లేదని తేల్చింది. నిబంధన మీరితే మైకులు, యాంప్లిఫయర్లు స్వాధీనం చేసుకోవడానికి ఏర్పాటు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. ఒక పిల్ల ఆర్తనాదం వినపడకపోవడం నుంచి పుట్టిన తీర్పు అది. ఆ తీర్పు వచ్చిన ఇన్నేళ్లకు మా వీధిలో ఒక బిడ్డ ఏడుపు కన్నతల్లికే వినపడలేదు.

పండగలకు సడలింపు ఉంది కదా అంటారు. ఉంది. 2002లో చేర్చారు. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ఏడాదిలో పదిహేను రోజులు మించకుండా, రాత్రి పది నుంచి పన్నెండు దాకా రాష్ట్ర ప్రభుత్వం అనుమతించవచ్చు. ఆ అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదేనని, దాన్ని కిందివాళ్లకు ధారపోయకూడదని 2005 అక్టోబరు 28న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అంటే "మా వార్డుకు ఇంకో గంట" అని అడిగే హక్కు ఏ నాయకుడికీ లేదు, తలూపే హక్కు ఏ స్టేషనుకూ లేదు. పన్నెండు దాటితే ఆ సడలింపు కూడా చెల్లదు.

సాధనాలు లేవా? 1861 నాటి పోలీసు చట్టం సెక్షన్ 30 గురించి ఈ జిల్లాలో పేపరు చదివేవాళ్లందరికీ తెలుసు. ధర్నా అన్నా, ర్యాలీ అన్నా 'సెక్షన్ 30 అమల్లో ఉంది' అన్న ప్రకటన వెంటనే వస్తుంది. పండగలకు, వేడుకలకు వీధుల్లో వాద్యాలు ఎంతవరకు మోగాలో నియంత్రించే అధికారం కూడా అదే సెక్షన్‌లో ఉంది. నీళ్లు రావడం లేదని బిందెలతో రోడ్డెక్కిన ఆడవాళ్లకు గుర్తు చేసే సెక్షన్, నడిరాత్రి లారీ ఎక్కిన స్పీకర్లకు ఎందుకు గుర్తు చేయరు? శబ్ద నిబంధనలు మీరితే ఒకప్పుడు పర్యావరణ చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉండేవి. 2024 ఏప్రిల్ నుంచి జైలు తీసేసి, పది వేల నుంచి పదిహేను లక్షల దాకా జరిమానా పెట్టారు. శిక్ష పెద్దదా చిన్నదా అన్న గొడవ నాకొద్దు. విధించేవాడు ఉంటే కదా!

ఇక మోత సంగతి. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది, ఇరవై పెరిగితే వంద రెట్లు. మిద్దె మీద నుంచి నా ఫోన్లో యాప్‌తో చూస్తే తొంభై ఐదు దగ్గర కొట్టుకుంది. యాప్ లెక్క కోర్టులో నిలవదని నాకు తెలుసు. అయినా అది దాదాపు నిజమనుకున్నా గుండె దడ పుడుతుంది. ఎందుకంటే చట్టం ఒప్పుకున్న 45కూ, ఆ 95కూ మధ్య తేడా లక్ష రెట్లు. మంచి నిద్రకు పడకగదిలో 30 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో చెప్పింది. నిద్రలో ఉన్నా చెవి మూసుకోదు. మోత పడగానే ఒళ్లు ప్రమాదం వచ్చిందనుకుంటుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు ఎగబాకుతుంది. లోచెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు ఒకసారి చస్తే మళ్లీ మొలవవు. వాన పడితే మోడు చిగురిస్తుంది, ఇవి చిగురించవు.

కేంద్రం ఏడు మహానగరాల్లో 70 కేంద్రాలు పెట్టి రాత్రింబవళ్లు శబ్దం కొలుస్తోంది. ఆ ఏడింటిలో అనంతపురం లేదు. లేకపోతే పోనీ. కానీ కొలత లేదు కాబట్టి బాధ లేదనుకోవడం ఏం న్యాయం?

ఈ మోత అందరి మీదా ఒకేలా పడదు. డబ్బున్నవాడు అద్దాల కిటికీలు మూసి ఏసీ వేసుకుంటాడు, మోతలో సగం బయటే ఆగిపోతుంది. మిద్దె మీద, అరుగు మీద, రేకుల కింద పడుకున్నవాడికి అడ్డం ఏముంది? తెల్లవారుజామున నాలుగింటికి లేచి కూరగాయల మండీలో మూటలెత్తే మనిషి, ఎండ ముదరకముందే ఉపాధి పనికి పోవాల్సిన ఆడమనిషి, బెంగళూరు బండి అందుకోవాల్సిన మేస్త్రీ — వీళ్ల నిద్రే పోయేది. ఆ నిద్ర మరుసటి రోజు కూలి. మూడు గంటలే పడుకున్న మనిషి నలభై రెండు డిగ్రీల ఎండలో గడ్డపార ఎత్తితే ఏమవుతుందో ఫోన్ ఎత్తినవాళ్లు ఒక్కసారైనా ఆలోచించారా?

మా కరువు నేలకు రాత్రి మోత కొత్త కాదు. బోరు బండి వచ్చిందంటే కంప్రెసర్ తెల్లార్లూ హోరెత్తుతుంది. వెయ్యి అడుగులు దిగినా తడి తగలక, అప్పు చేసినవాడు దుమ్ములో కూచుని ఏడుస్తుంటే ఆ మోతను మేం తిట్టుకోలేదు. అది నీళ్ల కోసం. అయినా, శబ్దం చేసే నిర్మాణ యంత్రాలు ఇళ్ల మధ్య రాత్రిపూట నడపకూడదని 2010లో నిబంధన చేర్చారు. ఇళ్ల మధ్య రాత్రి హారన్ కొట్టకూడదని కూడా అప్పుడే చేర్చారు. అవసరానికి చేసే మోతకే చట్టం హద్దు గీసింది. ఆడంబరానికి చేసే మోతకు హద్దు లేకుండా ఎలా పోతుంది?

సంస్కృతి అనే మాట నా దగ్గర వాడకండి. ఈ జిల్లా సంస్కృతి ఏమిటో నాకు తెలుసు. ఉరుములు ఈ నేల సొత్తు. తోలు వాద్యం మెడకు తగిలించుకుని ఉరుముల వాళ్లు అడుగేస్తే నిజంగానే మబ్బు పట్టినట్టుండేది. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండగకు హిందువులూ ముస్లింలూ కలిసి కదిలేవాళ్లు. చెక్కభజనలు, కోలాటాలు తెల్లవార్లూ నడిచేవి. కానీ అక్కడ వాయించేది మనిషి. చెయ్యి నొప్పి పుడితే ఆగేవాడు, ఊపిరి అందకపోతే ఆగేవాడు. పక్కింట్లో సావు ఉంటే ఆ గడప ముందు వాద్యం దించి నడిచేవాడు. లారీ మీద పెట్టెకు చెయ్యి నొప్పి లేదు, ఊపిరి లేదు, పక్కింటి సావు తెలియదు. ఉరుముల వాళ్ల నోటికాడి కూడు తీసి జనరేటరుకు డీజిల్ పోసి, దానికి సంస్కృతి అని పేరు పెడితే ఊరుకోను.

మతం అడ్డం పెట్టుకునేవాళ్లకూ జవాబు ఎప్పుడో వచ్చింది. మైకులతో ఇరుగుపొరుగు ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని 2000 ఆగస్టులో ఒక చర్చి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గుడికీ, మసీదుకూ, చర్చికీ పొద్దున ఆరు ఒకటే ఆరు. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. కోటి మంది ఉన్న నగరంలో ఆ మాట అనగలిగినప్పుడు ఇక్కడ నోరు పెగలకపోవడానికి కారణమేమిటి?

అడిగేవి పెద్ద కోరికలు కాదు. రాత్రి ఫిర్యాదు తీసుకునే అధికారి ఎవరో, ఆయన నంబరేమిటో ప్రతి సచివాలయం గోడ మీద రాయండి. మైకుకు అనుమతిస్తే ఆ కాగితం పందిరి ముందే కట్టించండి, ఏ గంటకు ఆపాలో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటికి పొక్కనివ్వకండి. పది దాటి మోగితే పెట్టెలు దింపి స్టేషనుకు చేర్చండి. ఒక్క లారీ పెట్టెలు దిగితే ఊళ్లో మిగతా లారీలన్నీ పదికల్లా ఇంటికి పోతాయి. కల్యాణ మండపాలకు, డీజే యజమానులకు ఈ సంగతి ముందే కాగితం మీద సంతకం పెట్టించి చెప్పండి. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. కొత్త నిధులు అక్కర్లేదు.

మీటరు లేదని మళ్లీ నాతో అనకండి. స్వాతంత్ర్యం వచ్చిన గుర్తుగా కట్టిన టవర్ క్లాక్ ఈ ఊరి నడిమధ్యలో ఉంది. ఒక రాత్రి దాని కింద నిలబడి తలెత్తి చూడండి. పది అయిందా? బయల్దేరండి. మా మిద్దెల మీద పసిబిడ్డలు పడుకుని ఉన్నారు.