ఇంగ్లీషు పంతుళ్లకు అమ్మనుడి అక్కరలేదా?

సరిహద్దు జిల్లాలలో బడి నుండి తెలుగు తొలగిపోతున్నకొద్దీ, మన కుటుంబాల ఆశలన్నీ ఇంగ్లీషు మీదికి మళ్లుతున్నాయి. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత ఈ ధోరణి మరింత బలపడింది. ప్లస్ టూ ముగించిన మన పిల్లలు ఎందరో బి.ఏ. ఇంగ్లీషులో చేరి, ఆపైన బి.ఎడ్. చేసి, ఉపాధ్యాయులు కావాలని కోరుకుంటున్నారు. కృష్ణగిరి జిల్లాలో ఆ దారినే నడిచి, ఏళ్ల తరబడి ఇంగ్లీషు బోధించినవాణ్ణి నేను. ఆ చదువు మీద నాకు ద్వేషం లేదు. షేక్‌స్పియర్ నాటకాలూ, వర్డ్స్‌వర్త్ కవిత్వమూ నాకిచ్చిన సంపద తక్కువది కాదు. నా అభియోగం వేరు. రేపటి ఉపాధ్యాయులను తయారుచేసే ఇంగ్లీషు శాఖలు, ఆ ఉపాధ్యాయుల ఎదుట కూర్చోబోయే పిల్లల నుడిని పూచికపుల్లగా తీసివేస్తున్నాయి.

నేను చదివిన కళాశాలలో భాషాశాస్త్రం ఒక పేపరు. సొస్యూర్ సిద్ధాంతం, చోమ్‌స్కీ వాక్యనిర్మాణం, ధ్వనుల ఉత్పత్తిస్థానాలు అన్నీ చదివాము. ఉదాహరణలు మాత్రం ఒక్కటీ మా ఇళ్లలోని మాటల నుండి రాలేదు. రచన అనే పేపరు గైడులోని వ్యాసాలను వల్లించడంతో ముగిసింది. భాషలన్నిటికీ వర్తించే శాస్త్రాన్ని ఒక్క భాషకు కట్టివేసి, దానికే భాషాశాస్త్రమని పేరు పెట్టడం న్యాయమా?

దీనివల్ల నష్టపోయేది బడిపిల్లవాడు. ఒక్క ఉదాహరణ చూడండి. తెలుగులో 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది'. క్రియ రెండింటికీ ఒకటే. తమిళంలో ఆడమనిషికి 'వందాళ్', ఆవుకు 'వందదు'. కన్నడంలో 'బందళు', 'బంతు'. పైగా ఇంట్లో చిన్నపిల్లను మనం ముద్దుగా 'అది' అనే అంటాము. అటువంటి ఇంటి పిల్లవాడు తన చెల్లెలి గురించి 'షీ' అనవలసినచోట 'ఇట్' అని రాస్తే, అది మందబుద్ధి కాదు, అమ్మనుడి వ్యాకరణం. అది తెలిసిన ఉపాధ్యాయుడు రెండు వాక్యాలలో సరిదిద్దుతాడు. తెలియనివాడు బెత్తం ఎత్తుతాడు. అలాగే 'మనము', 'మేము' అనే రెండు మాటలకు ఇంగ్లీషులో 'వుయ్' ఒక్కటే ఎందుకున్నదో, 'బస్', 'బుక్' మన నోట 'బస్సు', 'బుక్కు' ఎందుకవుతాయో చెప్పగలిగితే, తరగతిలో ఇంగ్లీషూ బాగుపడుతుంది, తెలుగుకూ గౌరవం దక్కుతుంది.

ఇది కొత్తగా పుట్టిన కోరిక కాదు. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలను నెలకొల్పింది, ఇక్కడ ఉద్యోగం చేయబోయే ఇంగ్లీషు యువకులకు ఇక్కడి భాషలు నేర్పడానికే. ఆ కళాశాల వెనుక నిలిచిన ఎల్లిస్, 1816లో వెలువడిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన వ్యాఖ్యలో, తెలుగు, తమిళ, కన్నడాలు ఒక్క కుటుంబానివేనని చూపించాడు. కాల్డ్‌వెల్ గ్రంథం వచ్చింది 1856లో. అంటే ద్రావిడ భాషల అధ్యయనానికి తొలి మెట్టు తెలుగు వ్యాకరణమే! ఏలడానికి వచ్చినవాడు మన నుడి నేర్చుకోవలసివచ్చింది. మన పిల్లలకు పాఠం చెప్పేవాడికి మాత్రం అది అక్కరలేదట!

నేటి ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వెంకట రామమూర్తి ఏం చేశారు? తనది కాని సవర భాషను నేర్చుకొని, ఆ పిల్లలకోసం వాచకాలు రాసి, 1931లో దాని వ్యాకరణాన్ని ఇంగ్లీషులో వెలువరించారు. పిల్లవాడి నుడి నుండి పాఠం మొదలు కావాలని ఆచరణలో చూపిన గురువు ఆయన.

'ఒకే తరగతిలో తమిళం, కన్నడం, తెలుగు, ఉర్దూ పిల్లలుంటే ఎవరి నుడిని పట్టించుకోవాలి?' అని అడిగేవారున్నారు. అందరిదీ పట్టించుకోవాలి. నాలుగు భాషలలో పండితుడు కమ్మని ఎవరూ అనడం లేదు. నాలుగింటి పోకడలు తెలుసుకోమంటున్నాము. తమిళ విద్యార్థికీ, కన్నడ విద్యార్థికీ ఇది మేలే గాని కీడు కాదు.

మనం అడగవలసినవి మూడు. బి.ఏ. భాషాశాస్త్రం పేపరులో, జిల్లాలో పలికే నుడులతో ఇంగ్లీషును పోల్చి చదివే భాగం ఉండాలి. బి.ఎడ్. బోధనాభ్యాసంలో పిల్లల తప్పులను వారి ఇంటి నుడి వెలుగులో పరిశీలించాలి. రచన పేపరులో, తమ ఊరి కథను, తమ అవ్వ మాటను ఇంగ్లీషులో రాసే అభ్యాసం ఉండాలి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో అమ్మనుడిలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుండి చెబుతూనే ఉన్నది. అటువంటి పిల్లలకు పాఠం చెప్పేవారి శిక్షణలో ఆ నుడికి చోటు లేకపోతే ఆ అధికరణానికి విలువ ఏముంటుంది?

హోసూరు, బళ్లారి, బరంపురం, సిరోంచ, యానాం తల్లిదండ్రులారా! మీ అమ్మాయినో అబ్బాయినో ఇంగ్లీషు శాఖలో చేర్పించేటప్పుడు ఫీజు ఎంతని అడుగుతారు గదా. భాషాశాస్త్రం పేపరులో మా నుడి ఉన్నదా అని కూడా అడగండి. లేదంటే, పాఠ్యప్రణాళికా సంఘానికి మీ సంతకాలతో లేఖ రాయండి.