పగలు ఇంట్లో ఎవరుంటారు?

మా ఇంట్లో మాల్టీపూ ఉందని తెలిశాక మన క్లాసులో నలుగురైదుగురు నన్ను అడిగిన ప్రశ్నలు దాదాపు ఒక్కటే. ఎంతకి కొన్నారు? ఎంత పెద్దదవుతుంది? జుట్టు రాలుతుందా? ఒకమ్మాయికి పుట్టినరోజుకి వాళ్ళ నాన్న కొనిస్తానన్నారట, ఏ రంగు తీసుకోవాలా అని చూస్తోంది. పగలు మీ ఇంట్లో ఎవరుంటారు అని నేనడిగితే, "ఎవరూ ఉండరు, అందుకే కదా చిన్న కుక్క" అంది. నేను రాస్తున్నది ఆ "అందుకే" గురించి.

ముందు ఇదేం కుక్కో చెప్తాను. మాల్టీస్ అనే తెల్ల బొచ్చుకుక్కకీ, పూడిల్‌లో చిన్న రకానికీ పుట్టేది మాల్టీపూ. కాకర్ స్పానియల్‌తో కలిపితే కాకపూ. పేర్లు బేకరీలో బోర్డు చదువుతున్నట్టు ఉంటాయి. మాల్టీస్‌ని మనుషులు కొన్ని వందల ఏళ్ళుగా ఒళ్ళో కూర్చోబెట్టుకోవడానికే పెంచారు. పూడిల్ సంగతి వేరు. ఫోటోల్లో సోకుగా కనిపించే ఆ కుక్క అసలు నీళ్ళలోకి దూకి, వేటగాడు కొట్టిన బాతుని నోట కరుచుకొచ్చే వేటకుక్క. దాని పేరు కూడా నీళ్ళలో చపచపలాడటం అనే అర్థమున్న జర్మన్ మాట నుంచి వచ్చిందే. అంటే ఒకవైపు మనిషిని వదలని గుణం, ఇంకోవైపు ఏదో ఒక పని కావాలనే బుర్ర. రెండూ నాలుగైదు కిలోల ఒంట్లో ఉంటాయి. బొమ్మంత ఉంది కాబట్టి దాని అవసరాలు కూడా బొమ్మంతే ఉంటాయని అనుకుంటాం.

మా కుక్కని మేము కొనలేదు. బాబాయి వాళ్ళు కొన్నారు. ఏడాది తిరక్కుండా ఉద్యోగం మారి దుబాయ్ వెళ్తూ మా ఇంట్లో దించి వెళ్ళారు. పిల్లలు పెట్టిన పేరు కోకో. "కోకా రైకా అని ఇదేం పేరే" అని నానమ్మ చిట్టి అని పిలుస్తుంది. రెండిటికీ పలుకుతుంది. అమ్మ తమిళంలో "వా" అంటుంది, నానమ్మ తెలుగులో "రా" అంటుంది, దేనికైనా వస్తుంది. కానీ "కూర్చో", "ఉక్కారు", "సిట్" మూడూ ముగ్గురం మూడు రకాలుగా అంటుంటే మాత్రం కొన్నాళ్ళు మా మొహాలు చూస్తూ నిలబడింది. ఒక పనికి ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. ఏ భాషైనా పర్వాలేదు. మా ఇంట్లో తమిళం గెలిచింది, ఎందుకంటే బిస్కెట్ డబ్బా అమ్మ చేతిలో ఉంటుంది.

తెలివైనదంటే మంచివే నేర్చుకుంటుందని కాదు. మొరిగితే తలుపు తీస్తారని ఒక్కసారి తెలిస్తే చాలు. కాలింగ్ బెల్లుకి, కొరియర్ అబ్బాయికి, ఎదురింటి తాళాల చప్పుడుకి కూడా అరుస్తుంది. పక్కవాళ్ళు పొగరంటారు. నిజానికి చాలాసార్లు అది భయం, లేదా ఏమీ తోచకపోవడం. ఉన్న మనిషి వెనకాలే గది గదికీ తిరిగే కుక్క ఇది. స్నానాల గది తలుపు ముందు కూడా కాపలా ఉంటుంది. అలాంటిదాన్ని పొద్దున ఎనిమిదికి తాళం వేసి సాయంత్రం ఆరుకి వచ్చి చూస్తే ఏముంటుంది? గీరిన తలుపు, తడిసిన పరుపు, నాకి నాకి ఎర్రబడిన పాదాలు. పక్క ఫ్లాట్ వాళ్ళ ఫిర్యాదు దీనికి అదనం. ఒంటరిగా ఉండటం దానికి నేర్పొచ్చు. ముందు ఐదు నిమిషాలు, తర్వాత పది, అరగంట, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ పెద్ద హడావిడి చేయకుండా. మాది అలా నాలుగు గంటలు ఉండగలిగే స్థితికి వచ్చింది. పది గంటలు మాత్రం నేర్పే విషయం కాదు.

జుట్టు రాలదన్నది నిజమే. అందరూ మురిసిపోయేది దానికే, అసలు పనంతా ఉన్నదీ అందులోనే. ఊడిన వెంట్రుక నేల మీద పడకుండా ఉంగరాల్లోనే చిక్కుకుంటుంది. రెండు మూడు రోజులు వదిలేస్తే చెవుల వెనక, చంకల్లో, పట్టీ ఒరుసుకునే చోట ఉండలు కడతాయి. ఆ తర్వాత మొత్తం అట్టకడుతుంది, కింద చర్మం లాగేస్తుంది. జడ చిక్కు పడితే మనకెంత నొప్పో మనకి తెలుసు. పైపైన దువ్వితే చాలదు. పాయలు పాయలుగా విడదీసి కుదురు దాకా స్టీలు దువ్వెన దిగాలి. రోజూ పావుగంట. చిక్కు తీయకుండా స్నానం చేయిస్తే ఉండ ఇంకా బిగుసుకుంటుంది. మన చెన్నై ఉక్కలో తడి కుదుళ్ళ దాకా ఆరకపోతే చర్మం పాడవుతుంది. ఆరేడు వారాలకోసారి కత్తిరింపు. పార్లర్ బిల్లు నా నెల ఖర్చు కంటే ఎక్కువ కాబట్టి కొంత పని అమ్మ కత్తెరతో ఇంట్లోనే జరుగుతుంది. అందం సంగతి అడక్కండి.

అలర్జీ రాదని చెప్పి అమ్మేవాళ్ళని మాత్రం నేను నమ్మను. అలర్జీ తెప్పించేవి కుక్క ఉమ్మిలో, చర్మం పొట్టులో ఉంటాయి. అవి లేని కుక్క ఉండదు. ఈ పూడిల్ మిశ్రమాల మోజు పెరగడానికి ముఖ్య కారణం కూడా ఒక అలర్జీ కథే. 1980ల చివర్లో ఆస్ట్రేలియాలో గైడ్ డాగ్స్ సంస్థలో పనిచేసిన వాలీ కాన్రన్‌ని, హవాయిలో ఉన్న ఒక చూపులేని ఆవిడ దారిచూపే కుక్క కావాలని అడిగింది. ఆవిడ భర్తకి కుక్క జుట్టు పడదు. ఆయన లాబ్రడార్‌నీ పూడిల్‌నీ కలిపాడు. పుట్టిన మూడు పిల్లల్లో ఆ భర్తకి పడింది ఒక్కటే. తర్వాత ఈ రకం కుక్కల్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు పుట్టించి అమ్ముకోవడం చూసి, ఆ పని చేసినందుకు విచారిస్తున్నానని ఆయనే బహిరంగంగా చెప్పాడు. ఒకే తల్లి పిల్లలకి ఒకే రకం జుట్టు, ఒకే గుణం వస్తాయన్న హామీ ఆయన దగ్గరే లేదు. షాపువాడి దగ్గర ఎలా ఉంటుంది?

ఇక్కడ మన సిలబస్ కథ ఒకటి గుర్తొస్తోంది. నన్నయ్య ఆదిపర్వంలో సరమ కథ చదివాం కదా. జనమేజయుడి తమ్ముళ్ళు ఏ తప్పూ చేయని కుక్కపిల్లని కొడితే, తల్లి సరమ నేరుగా రాజు ముందుకొచ్చి నిలదీస్తుంది. మనం ఫోన్‌లో ఫోటో చూసి బుక్ చేసే కుక్కపిల్లకి కూడా ఒక తల్లి ఉంటుంది. అది ఎక్కడుంది, ఎన్ని ఈతలు ఈనింది, నడవడానికి దానికి చోటుందా అని ఎవరం అడగం. కొనాలనే గట్టిగా ఉంటే తల్లిని చూపించమనండి. చూపించకపోతే లేచి వచ్చేయండి. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం కుక్కల్ని పుట్టించి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. తల్లి దగ్గర ఆ వారాలు గడవని పిల్లకి ఎంత గట్టిగా కరవకూడదో కూడా సరిగ్గా తెలియదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నడక పొద్దున ఏడు లోపు, మళ్ళీ చీకటి పడ్డాక. కత్తిరి ఎండల్లో రోడ్డు మీద మన అరచెయ్యి ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనలేవు. చిన్న జాతులకి పళ్ళు తొందరగా పాడవుతాయి కాబట్టి రోజూ తోమాలి, కుక్కల పేస్టుతోనే. సాంబారు అన్నం వద్దు, ఉల్లిపాయ దానికి విషం. చాక్లెట్, ద్రాక్ష కూడా అంతే. పాయసంలో కిస్మిస్ పడుతుంది కాబట్టి పండగ రోజు నానమ్మ మీద ఒక కన్నేసి ఉంచుతాను. రేబిస్ టీకా, కార్పొరేషన్ లైసెన్స్ ఉండి తీరాలి.

ఇప్పుడు ఈ పనులన్నిటి పక్కన పేర్లు రాసి చూడండి. దువ్వెన ఎవరు, నడక ఎవరు, పరుపు ఉతికేది ఎవరు? మా ఇంట్లో నేను రాసి చూశాను. నాన్న పేరు ఒక్క చోట వచ్చింది, ఆదివారం నడక. మిగతావన్నీ అమ్మ, నానమ్మ, నేను. కొనిచ్చేది నాన్నలు, సాకేది ఆడవాళ్ళు. మన ఇళ్ళలో కుక్క కూడా ఇంటిపని కిందకే వస్తుంది. ఇలాంటి చిన్న కుక్కలు పన్నెండు, పదిహేనేళ్ళు బతుకుతాయి. మనకిప్పుడు పంతొమ్మిది. ఈలోగా పీజీ, ఉద్యోగం, పెళ్ళి అన్నీ అయిపోతాయి. సంబంధం మాట్లాడేటప్పుడు అమ్మాయితో పాటు కుక్క కూడా వస్తుందని ఏ ఇంట్లో చెప్తారు? చివరికి అది మిగిలేది మోకాళ్ళ నొప్పుల అమ్మ దగ్గర.

అలాగని ఈ కుక్కలు వద్దని నేననను. మా ఇంట్లో ఇది సుఖంగా ఉందంటే కారణం నానమ్మే. పగలంతా ఆవిడ ఉంటుంది. నాన్న ఆఫీసులో, నేను బస్సులో, అమ్మ వంటింట్లో, అందరి నోటా తమిళమే. ఆ ఇంట్లో నానమ్మ తెలుగుని మొదటి నుంచి చివరి దాకా కూర్చుని వినేది చిట్టి ఒక్కటే. ఊళ్ళో పొలం ఎలా పోయిందో దానికి మా అందరికంటే బాగా తెలిసుండాలి. అయితే కాళ్ళకి అడ్డం పడి ఆవిణ్ణి ఎక్కడ పడేస్తుందోనని దాని మెడకి చిన్న గజ్జె కట్టాం.

పగలు మనిషి లేని ఇల్లయితే కుక్కని పెంచొద్దు. ఏ కుక్కనీ, వీధికుక్కపిల్లనైనా సరే. ఉన్న ఇల్లయితే బ్లూక్రాస్ లాంటి చోట్ల ఇల్లు కోసం చూస్తున్న కుక్కలు చాలా ఉన్నాయి, పెంచుకుని వదిలేసిన జాతి కుక్కలతో సహా. వాటిలో కొంచెం పెద్దదాన్ని తెచ్చుకుంటే గుణమేమిటో ముందే తెలుస్తుంది.

పుట్టినరోజు అమ్మాయిని వచ్చే శనివారం మా ఇంటికి రమ్మన్నాను. మధ్యాహ్నం మూడింటికి దువ్వడం మొదలుపెడతాను. ఇంకెవరైనా రావాలనుకుంటే రండి, దువ్వెనలు రెండున్నాయి.