సాకెట్ ఉన్నంత కాలం

మండల కేంద్రాల్లో ఏ డీటీపీ సెంటర్‌లోకి తొంగిచూసినా పదేళ్లు దాటిన డెస్క్‌టాప్ ఒకటి పనిచేస్తూనే కనిపిస్తుంది. శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు దాని మీదే తయారవుతుంటాయి. 2001 నాటి పేజ్‌మేకర్ 7.0, అను ఫాంట్లు ఉంటే చాలు, ఆ పనికి లోటుండదు. చిక్కంతా చుట్టూ పెరిగిన పనులతోనే. బ్రౌజర్లో నాలుగు ట్యాబులు తెరిచి, పక్కన ఫొటోషాప్ కూడా పెడితే మిషను మొరాయిస్తుంది. అప్పుడే మొదలవుతుంది మీమాంస: పాతది తీసేసి కొత్తది కొనాలా, ప్రాసెసర్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా?

చాలాసార్లు తప్పు ప్రాసెసర్‌ది కాదు. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ తీరిగ్గానే ఉంటుంది, హార్డ్ డిస్క్ దగ్గర మాత్రం నూరు శాతం కనిపిస్తుంది. అలాంటప్పుడు ముందు ఎస్‌ఎస్‌డీ వేయించుకోవడమే తెలివైన ఖర్చు. ఆ తర్వాత కూడా ప్రాసెసర్ ఆయాసపడుతుంటే దాన్ని మార్చే మాట ఎత్తాలి.

మార్చడానికి వీలుందా అన్నది సాకెట్ చెబుతుంది. 2011లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ3-2100లో రెండే కోర్లు. అది కూర్చునే ఎల్‌జీఏ 1155 సాకెట్‌లోనే 2012 నాటి ఐ7-3770 కూడా కూర్చుంటుంది. దానికి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. ఒకప్పుడు సామాన్యుడు ధర అడిగి ఊరుకున్న ఆ ప్రాసెసర్, ఆఫీసులు వదిలించుకున్న కంప్యూటర్లలోంచి బయటికొచ్చి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల ఇప్పుడు చవగ్గా చేతికందుతుంది.

ఈ పనిలో వరస తప్పకూడదు. 2011 నాటి మదర్‌బోర్డు చాలావరకు 2012 ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు, ముందు బోర్డులోని బయోస్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేయాలి. అదీ పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే జరగాలి. తొందరపడి పాతదాన్ని ముందే పీకేస్తే తెర నల్లగా ఉండిపోతుంది. బయోస్ పని ముగిశాక ఫ్యాన్ విప్పితే దాని కింద ఎండిన పేస్టు పెచ్చులు కట్టి కనిపిస్తుంది. పాత పేస్టు శుభ్రంగా తుడవాలి. లీవర్ ఎత్తి ప్రాసెసర్ తీస్తే 1155 సన్నటి పిన్నులు బయటపడతాయి. అవి బోర్డు మీదే ఉంటాయి, ఒక్కటి వంగినా బోర్డు పాడైనట్లే. అందుకే కొత్త ప్రాసెసర్‌ను నొక్కకూడదు. గాడి చూసుకుని మెల్లగా దించితే తనంతట తానే కూర్చుంటుంది. లీవర్ దించి, పైన కాస్త కొత్త పేస్టు పెట్టి ఫ్యాన్ బిగిస్తే పని పూర్తి.

చేసేవాడి ఓపిక ఇంతవరకే పనికొస్తుంది. ఆ పైన తయారీదారు దయ. ఇంటెల్ 2013లో సాకెట్‌ను 1150కి, 2015లో 1151కి మార్చింది. 2017లో వచ్చిన ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్లకూ 1151 పిన్నులే ఉన్నా, పాత 1151 బోర్డుల్లో అవి పనిచేయవని చెప్పింది. కరెంటు సరఫరా అవసరాలు మారాయన్నది కంపెనీ వివరణ. ఏఎండీ కంపెనీ ఏఎం4 సాకెట్ కథ మరోలా నడిచింది. పాత బోర్డులకు కొత్త రైజెన్ ప్రాసెసర్లు పడవని ఆ కంపెనీ 2020లో ప్రకటిస్తే వాడకందారులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. కంపెనీ కొంత వెనక్కి తగ్గింది. 2022 నాటికి మొట్టమొదటి ఏఎం4 బోర్డులకూ రైజెన్ 5000 ప్రాసెసర్లను అనుమతించింది. అలా 2017లో కొన్న బోర్డు మీదే అయిదేళ్ల తర్వాతి ప్రాసెసర్ నడిచింది.

సాఫ్ట్‌వేర్ గీసే గీత మరొకటుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే విండోస్ 11కు అర్హత. 1155 సాకెట్‌లో ఎంత మంచి ప్రాసెసర్ పెట్టినా ఆ గడప దాటదు. ఇంటర్నెట్‌తో పనిలేని డీటీపీకి పాత విండోస్‌తో కాలక్షేపం అవుతుందేమో కానీ, బ్యాంకు లావాదేవీలు చేసే మిషనుకు అది క్షేమం కాదు. అక్కడ లైనక్స్ వేసుకోవడం మేలు.

వాడిన వస్తువును బాగుచేసుకునే హక్కు గురించి మన దేశంలోనూ మాట మొదలైంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో అందుకోసం ఒక పోర్టల్ తెరిచింది. అయితే విడిభాగాలు దొరికినంత మాత్రాన సరిపోదు, వాటిని నడిపించే ఫైళ్లూ దొరకాలి. ఇంటెల్ 2019లో తన పాత డెస్క్‌టాప్ బోర్డుల బయోస్ ఫైళ్లను సైటు నుంచి తొలగించింది. నాలుగు మెగాబైట్ల ఫైలు దొరక్క లక్షణమైన బోర్డు తుక్కు కింద పోవడం ఎవరికి లాభం? ఆ ఫైళ్లను పదిలంగా ఉంచమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

కొత్త కంప్యూటర్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత, డిస్కు ఎంత అని అడుగుతాం. ఈ బోర్డు మీద నాలుగేళ్ల తర్వాత ఏ ప్రాసెసర్ పడుతుందని కూడా అడగాలి. ఒకరిద్దరు అడిగితే కౌంటర్లో కుర్రాడు నవ్వి ఊరుకోవచ్చు. పదిమంది అడిగితే ఆ ప్రశ్న కంపెనీ దాకా వెళుతుంది. వెళ్లిన చోట ఏమవుతుందో ఏఎం4 వాడకందారులకు తెలుసు.